మూగ వాచీ, మాటకారి మనిషి

పెళ్ళిపందిట్లో ఈయన్ని ఇట్టే పోల్చుకోవచ్చు. అందరి చూపూ పీటల మీద ఉంటే ఈయన చూపు మగవాళ్ళ ఎడమచేతుల మీద ఉంటుంది. ‘బాగున్నారా’ అని చెయ్యి కలిపేలోపే అవతలివాడి మణికట్టు చూసి జాతకం కట్టేస్తాడు. ఆపిల్ వాచీ అయితే డాక్టరు నడవమన్నాడన్నమాట. అరచేతిలో సగముండే డయలైతే రియల్ ఎస్టేటు. రోలెక్స్ సబ్‌మెరైనర్ కనబడితే మాత్రం మూతి కొంచెం పక్కకి తిరుగుతుంది. ‘అందరూ కొనేదే కొన్నాడు పాపం’ అని, లక్షలు పోసినవాణ్ణి చూసి జాలిపడతాడు.

హైదరాబాదులో కోకాపేట చుట్టుపక్కల, అమెరికాలో డాలస్, న్యూజెర్సీల్లో ఈ రకం మనిషి కనబడతాడు. యాభైకి అటూ ఇటూ వయసు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తీరిపోయిన ఇంటి అప్పు. పదో తరగతి పాసైతే నాన్న హెచ్‌ఎంటీ కొనిపెట్టాడు. ఆన్‌సైట్ వెళ్ళొచ్చాక టిసో కొనుక్కున్నాడు. ప్రమోషనొచ్చాక ఒమేగా. అక్కడితో ఆగితే మామూలు మనిషే. కానీ ఒకనాడు ఆఫీసు లిఫ్టులో ఇంకో ఇద్దరి చేతికి అదే ఒమేగా కనబడింది. ఆ క్షణం నుంచి ఈయనకి ఎవరూ గుర్తుపట్టని వాచీ కావాల్సొచ్చింది.

వెతగ్గా వెతగ్గా దొరికింది. షోపార్ వారి ఎల్.యు.సి. 1860. స్టీలు కేసు, 36.5 మిల్లీమీటర్లు, మూడే ముళ్ళు, తేదీ లేదు. ధర మాత్రం ఇరవై వేల డాలర్లు దాటుతుంది.

ఎవరూ గుర్తుపట్టరంటే కంపెనీ పేరు తెలియక కాదు. ఆ పేరు ఈయనకంటే ముందే ఈయన భార్యకి తెలుసు. 1976లో షోపార్ వాళ్ళు ‘హ్యాపీ డైమండ్స్’ అని ఒక వాచీ తీశారు. రెండు అద్దాల మధ్య విడి వజ్రాలు, చెయ్యి కదిపినప్పుడల్లా అటూ ఇటూ జారుతాయి. కాన్ చిత్రోత్సవంలో ఇచ్చే బంగారు తాటాకు బహుమతిని 1998లో కొత్తగా తీర్చిదిద్దింది కూడా ఆ ఇంటి ఆడపడుచే. కాబట్టి షోపార్ అంటే లోకానికి నగలు, సినిమా తారలు, ఎర్ర తివాచీ. ‘షోపార్ కొన్నాను’ అని ఈయన ఫోన్ చేసిన రోజు ఇంట్లో పాయసం కాచారు. సాయంత్రం పెట్టె తెరిచాక భార్య వాచీని చాలాసేపు అటూ ఇటూ ఊపి చూసి, ‘వజ్రాలు జారట్లేదేమండీ?’ అంది.

అలా అడిగినవాళ్ళందరికీ ఈయన చరిత్ర చెప్పాల్సొస్తుంది. చెప్పాల్సి రావడమే ఈయనకి కావాల్సింది కూడా.

1860లో స్విట్జర్లాండు జురా కొండల్లో, సోన్విలియే అనే ఊళ్ళో, ఇరవై నాలుగేళ్ళ లూయీ యులిస్ షోపార్ గడియారాల దుకాణం పెట్టాడు. వాచీ మీద పొడి అక్షరాలు ఆయన పేరువే. మనవడి హయాం వచ్చేసరికి పిల్లలు ఈ వ్యాపారం మాకొద్దన్నారు. 1963లో జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ నుంచి నగల వ్యాపారి కార్ల్ షోయిఫెలె వచ్చి కంపెనీ కొన్నాడు. నగలు వెలిగాయి. వాచీల లోపలి యంత్రాలు మాత్రం చాలాకాలం బయట కొన్నవే. అది కొడుకు కార్ల్ ఫ్రెడ్రిక్‌కి మింగుడుపడలేదు. 1996లో ఫ్లూరియే అనే చిన్న ఊళ్ళో సొంత కార్ఖానా పెట్టి, మరుసటేడు మొదటి వాచీ బయటికి తీశాడు. అదే 1860. మొదటి వాచీలో తేదీ గడి ఉండేది. 2023లో స్టీలులో మళ్ళీ తీసినప్పుడు దాన్ని ఎత్తేశారు. ఆ చిన్న కన్నం పోయినందుకు ఈయన పొందిన ఆనందం చూసి ఇంట్లోవాళ్ళు కొంచెం భయపడ్డారు.

అసలు పురాణం యంత్రం దగ్గర మొదలవుతుంది. మామూలు ఆటోమేటిక్ వాచీలో అర్ధచంద్రాకారపు బిళ్ళ ఒకటి యంత్రం వీపు మీద కూర్చుని, చెయ్యి కదిలినప్పుడల్లా తిరుగుతూ స్ప్రింగుకి కీ ఇస్తుంది. అది పైన ఎక్కి కూర్చోబట్టే వాచీ లావెక్కుతుంది. షోపార్ వాళ్ళు ఆ బిళ్ళని బాగా చిన్నది చేసి యంత్రంలోనే గూడు కట్టి దింపారు. దాన్నే మైక్రోరోటర్ అంటారు. చిన్నదైతే బరువు చాలదు, కీ సరిగ్గా ఎక్కదు. అందుకని 22 క్యారట్ల బంగారంతో చేశారు, ఇత్తడికంటే రెట్టింపు బరువని. ఒకదాని మీద ఒకటి రెండు స్ప్రింగు డబ్బాలు పెట్టారు. ఇన్నీ ఇరికించినా యంత్రం మందం 3.3 మిల్లీమీటర్లే. చేతినుంచి తీసి పక్కన పెడితే 65 గంటలు నడుస్తుంది.

ఈ ఉపన్యాసం మొత్తంలో బంధువర్గానికి అందే ముక్క ఒక్కటే.

‘22 క్యారట్లా? ఎన్ని గ్రాములుంటుంది నాయనా?’ అంది పిన్నత్తగారు కళ్ళజోడు సవరించుకుని.

‘గ్రాముల్లో చూడకూడదత్తయ్యా. వెనకవైపు అద్దంలోంచి చూడాలి.’

‘అంటే చేతికి పెట్టుకుంటే కనపడదా?’

‘కనపడదు.’

‘మరి బంగారమెందుకు పెట్టారూ?’

సాంకేతికంగా దీనికి జవాబుంది. ఈయన చెప్పాడు కూడా. ఆవిడ అప్పటికే వడ్డాణాల వైపు తిరిగిపోయింది.

మామగారితో ఇంకో రకం చిక్కు. ఆయన చేతికున్నది టైటాన్ ఎడ్జ్. 2002లో మన దేశంలోనే తయారై, ప్రపంచంలో అంత పల్చని చేతి గడియారం లేదనిపించుకున్నది. బ్యాటరీతో సహా మొత్తం వాచీ మందం మూడున్నర మిల్లీమీటర్లు. అంటే అల్లుడుగారు కథలు కథలుగా చెప్పుకునే యంత్రం మందానికీ, మామగారి వాచీ మొత్తానికీ తేడా రెండు కాగితాల మందమంత. ఆ పోలిక ఎప్పుడు వచ్చినా అల్లుడుగారు ‘అది క్వార్ట్జ్ కదండీ’ అంటాడు. మామగారు ‘అవును బాబూ, టైము సరిగ్గా చూపిస్తుంది’ అంటారు.

నవ్వుకోవచ్చు గానీ, ఈయన మాటల్లో పస లేకపోలేదు. లోకమంతా స్టీలు స్పోర్ట్స్ వాచీల వెంట పడింది. 2021లో పాటెక్ ఫిలిప్ నాటిలస్ 5711 ఆపేస్తున్నారనగానే జనం అసలు ధరకి కొన్ని రెట్లు పెట్టి ఎగబడ్డారు. ఈ వాచీకి అలాంటి తొక్కిసలాట లేదు. దీనికి జెనీవా ముద్ర ఉంది. 1886లో పుట్టిన ఆ ముద్ర పడాలంటే కంటికి కనపడని అంచులు కూడా చేత్తో నునుపు దేరాలి. అది కాక క్రోనోమీటర్ పరీక్ష: పదిహేను రోజులు, ఐదు భంగిమలు, మూడు ఉష్ణోగ్రతలు, రోజుకి సగటున నాలుగు సెకన్ల వెనకబాటు నుంచి ఆరు సెకన్ల ముందు దాకానే తేడా ఉండొచ్చు. డయలు బంగారు పలక. పాతకాలపు యంత్రాన్ని చేత్తో తిప్పుతూ ఆ పలక మీద గీసిన సన్న గీతలు కిటికీ వెలుగు పడితే ఒక్కసారిగా లేస్తాయి, మణికట్టు ఇంకో కోణంలో పెట్టగానే అణిగిపోతాయి. రంగు పేరు సామన్. వేలంపాటల్లో ఆ రంగు డయలున్న పాత వాచీలకి గిరాకీ ఎక్కువ. భార్యకి మాత్రం తోమిన రాగిచెంబులా కనబడుతుంది, అదీ మెప్పే.

మన వాతావరణమే దీనికి కిట్టదు. ఇలాంటి వాచీ చొక్కా కఫ్ కింద సగం దాగి, చెయ్యి చాచినప్పుడు తొంగిచూడాలన్నది పెద్దల మాట. మే నెల విజయవాడలో కఫ్ ఎక్కడిది? పొట్టిచేతుల చొక్కా మీద అది దాగే ప్రసక్తే లేదు, అయినా ఎవరూ చూడరు. చెమటకి తోలు పట్టీ నాని వాసన కొడుతుంది. పైగా అది మొసలి తోలు. సత్యనారాయణ వ్రతానికి పీటల మీద కూర్చోబోతుంటే అత్తగారు గుమ్మంలోంచే కేకేసింది, ‘తోలుతో పూజేమిటి, తీసి అవతల పెట్టండి!’ నలభైమంది చుట్టాలొచ్చిన రోజున ఈయన మణికట్టు బోసిగా ఉంది. పక్కన బావమరిది స్టీలు గొలుసు సబ్‌మెరైనర్ హారతి వెలుగులో ధగధగలాడింది. ‘రోలెక్సా బాబూ!’ అని పురోహితుడే అడిగాడు.

ముహూర్తం నాటి సంగతి ఇంకా ఘోరం. వారం రోజులు సొరుగులో పడున్న వాచీ 65 గంటలవగానే ఆగిపోయింది. పెళ్ళికి వెళ్తూ కారులో గడియారం చూసి తిప్పాడు. ఆ కారు గడియారం ఏడు నిమిషాలు ముందు. ‘టైమెంతయింది బాబూ?’ అని పంతులుగారు ఎన్నడూ లేనిది ఈయన్నే అడిగారు. ఇన్నేళ్ళకి వచ్చిన అవకాశం. చెయ్యి చాచి, పది నలభై రెండు అన్నాడు. సన్నాయి ఎత్తుకోబోయింది. పంతులుగారు ఎందుకైనా మంచిదని సెల్‌ఫోన్ తీసి చూసి, వాయిద్యాల వాళ్ళని చేత్తో ఆపారు.

ఒకే ఒక్కసారి ఈయన జన్మ ధన్యమైంది. శంషాబాద్ విమానాశ్రయంలో తనిఖీ దగ్గర ట్రేలో వాచీ పెడుతుంటే వెనకున్న కుర్రాడు, ‘ఎల్.యు.సి. కదా సార్? మైక్రోరోటర్?’ అన్నాడు. ఇద్దరూ బెల్టులు పెట్టుకోవడం మరిచి పావుగంట మాట్లాడుకున్నారు. విమానంలో కూర్చున్నాక మాత్రం ఈయనకి బెంగ పట్టుకుంది. పాతికేళ్ళ కుర్రాడికే తెలిసిందంటే ఇంక ఎంతమందికి తెలిసిపోయిందో?

అందుకే ఇప్పుడు కన్ను ఇంకోదాని మీద పడింది. అదే కంపెనీ 2000లో తీసిన క్వాట్రో. నాలుగు స్ప్రింగు డబ్బాలు, ఒకసారి కీ ఇస్తే తొమ్మిది రోజులు నడుస్తుంది. భోజనాల దగ్గర ఆ మాట మెల్లగా కదిపాడు.

‘తొమ్మిది రోజులంటే,’ అంది భార్య పప్పు వడ్డిస్తూ, ‘పాడ్యమి నాడు కీ ఇస్తే మహర్నవమి దాకా చూసుకోనక్కర్లేదన్నమాట.’

ఈయనకి ఈ మాట తెగ నచ్చింది. మర్నాడు ఆఫీసులో దాన్ని తన మాటగా ముగ్గురికి చెప్పాడు.