నౌపడ నుంచి ఢిల్లీ గ్రాంటుకు: కన్సల్టెంట్లు ఒప్పుకోని సలహాలు

శ్రీకాకుళం జిల్లా టెక్కలి, పలాస వైపు ఇంజినీరింగ్ చదివిన పిల్లలు ఇప్పుడు ఐడెక్స్ మాట ఎత్తుతున్నారు. 2018 ఏప్రిల్‌లో చెన్నై డిఫెక్స్‌పోలో ప్రధాని ప్రారంభించిన పథకం ఇది. సైన్యం, నేవీ, ఎయిర్‌ఫోర్స్ తమకు ఏం కావాలో సవాలుగా ప్రకటిస్తాయి. గెలిచిన స్టార్టప్‌కి కోటిన్నర దాకా గ్రాంటు. ఐడెక్స్ ప్రైమ్‌లో 10 కోట్ల దాకా, 2024లో వచ్చిన అదితి పథకంలో 25 కోట్ల దాకా ఇస్తారు. డబ్బున్న చోట అర్జీలు రాసిపెట్టే కన్సల్టెంట్లూ ఉంటారు. వాళ్ళు చెప్పేది ఎక్కడైనా ఒకటే: నమూనా తళతళ మెరవాలి, ఫెయిలవుతుందన్న మాట రానీయొద్దు, ఎవరికీ చూపించొద్దు, ప్రశ్నలు వేయొద్దు. ఉద్దానం పిల్లలకు నేను సరిగ్గా దీనికి ఎదురు చెబుతాను.

ముందు మీ నమూనాను పాడుచేయండి. ఎండాకాలంలో దాన్ని నౌపడ ఉప్పుమళ్ళ గట్టు మీద, రైతునడిగి మరీ, కొన్నాళ్ళు వదిలేయండి. ల్యాబుల్లో చేసే ఉప్పు తుంపర పరీక్షలో వాడేది 5 శాతం ఉప్పునీరు, 35 డిగ్రీల వేడి. మడిలో ఉప్పు గడ్డకట్టే వేళకి నీళ్ళలో ఉప్పు 25 శాతం దాకా చేరుతుంది. గాలికి ఎగిరొచ్చిన తుంపర కనెక్టర్ పిన్నుల మధ్య ఆరి, తెల్లటి పొరగా పేరుకుంటుంది. తెల్లవారుజామున గాలిలోని తేమకి ఆ పొర చెమ్మగిల్లి, ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకి కరెంటు పారిస్తుంది. రాగి తీగ కొసన పచ్చగా చిలుం పడుతుంది. అల్యూమినియం డబ్బా మీద సూదిమొనంత చుక్క కనబడుతుంది, తుడిస్తే పోదు. క్లోరైడు అక్కడ లోహాన్ని లోపలికి తొలిచేసి ఉంటుంది. ఎక్కడ, ఎలా చెడిందో ఫొటోలు తీసి, తేదీలతో సహా అర్జీలో పెట్టండి. విశాఖలోని ఎన్‌ఎస్‌టీఎల్ 1969 నుంచి నేవీ కోసం నీటి అడుగున పనిచేసే ఆయుధాల మీదే పరిశోధిస్తోంది. వరుణాస్త్ర టార్పెడో అక్కడ తయారైన డిజైనే. అలాంటి చోట పనిచేసినవాళ్ళకి మెరిసే డబ్బా కంటే చిలుం పట్టిన డబ్బా ఎక్కువ చెబుతుంది.

ఫెయిల్యూర్ గురించి మొదటి పేజీలోనే రాయండి. ఏ ఫలితం రాకపోతే ఈ దారి వదిలేస్తారో, ఏ నెలలో ఆ నిర్ణయం తీసుకుంటారో చెప్పండి. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి రేంజిలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కూల్చింది. ఆ పని నడిపించింది హైదరాబాద్‌లోని చెస్ ల్యాబు. అందరం చూసింది ఆ వీడియోనే, దాని వెనక ఏళ్ళ తరబడి వమ్మైన ప్రయత్నాలు ఏ వీడియోలోనూ కనబడవు. కావేరి ఇంజన్ సంగతి చూడండి. 1989లో 382 కోట్లతో మంజూరైంది, తేజస్ యుద్ధవిమానానికి అది సరిపోలేదు, 2008లో రెంటినీ విడదీశారు. డబ్బు దండగైందని ఇప్పటికీ తిట్టేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. వేడిని తట్టుకునే లోహాలు, బ్లేడ్ల పోత, పరీక్షల పద్ధతి ఆ డబ్బుతోనే నేర్చుకున్నాం. ఆ ఇంజన్‌నే మార్చి మానవరహిత విమానానికి సిద్ధం చేస్తున్నారు. అమెరికా 1957 స్పుత్నిక్ దెబ్బకి మరుసటి ఏడాది ఆర్పా అనే రక్షణ పరిశోధన సంస్థను పెట్టింది. అక్కడ ప్రాజెక్టు మధ్యలో ఆపేయడం తప్పు కాదు, పనిలో భాగం. ఇంటర్నెట్‌కి పునాది అయిన 1969 నాటి ఆర్పానెట్ ఆ వాతావరణంలోనే పుట్టింది. మన దగ్గర ఫైలు మీద సంతకం పెట్టే అధికారికి ఆడిట్ భయం. మీరు ముందే రాసిస్తే ఆయన చేతికి ఒక ఆధారం దొరుకుతుంది.

మీ వాటా డబ్బు సంగతి మొహమాటం లేకుండా అడగండి. ఐడెక్స్ ఇచ్చేంత సొమ్ము మీరూ పెట్టాలి. జీడితోట అమ్మితే వచ్చేంత సొమ్ము కాదది, అమ్మనూవద్దు. డీఆర్‌డీఓ టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్ ఖర్చులో 90 శాతం దాకా భరిస్తుంది, అది మీకు సరిపడుతుందేమో ముందు చూసుకోండి. సరిసమాన వాటా నిబంధన బెంగళూరు కంపెనీకి అడ్డు కాదు, సంతబొమ్మాళి మండలం పిల్లకి అడ్డే. దీన్ని సడలించాలి.

సవాలులోని రహస్య వివరాలు తప్పక దాచండి. పరికరాన్ని మాత్రం అడ్మిరల్ కన్నా ముందు భావనపాడులో వేటకెళ్ళేవాళ్ళ చేతిలో పెట్టండి. "తడి సేత్తో నొక్కితే ఇది పలకద్దా బాబూ?" అని అడుగుతారు. టచ్‌స్క్రీన్‌కి అంతకన్నా గట్టి పరీక్ష లేదు. 2018 చివర్లో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్ని సరిహద్దు దాటారంటూ పాకిస్తాన్ పట్టుకుపోయింది. వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. సిగ్నల్ అందనప్పుడు, ఎవరైనా జామ్ చేసినప్పుడు మనం ఎక్కడున్నామో చెప్పే పరికరం నేవీకీ కావాలి, ఆ మత్స్యకారుల పడవకీ కావాలి. క్షిపణి కోసం చేసిన తేలికపాటి పదార్థంతో హైదరాబాద్ నిమ్స్‌లో పోలియో పిల్లలకు కాలిపర్లు తొడిగించారు అబ్దుల్ కలాం. రెండు పనులకూ పనికొచ్చేలా మొదట్నుంచే ఆలోచించండి.

దేశరక్షణ అనగానే నోరు కట్టేసుకోకండి. 2025-26లో డీఆర్‌డీఓకి కేటాయించింది 26,816 కోట్లు. రక్షణ పరిశోధన బడ్జెట్‌లో 25 శాతం పరిశ్రమలకు, స్టార్టప్‌లకు, విద్యాసంస్థలకు తెరుస్తామని 2022 బడ్జెట్‌లో చెప్పారు. అందులో శ్రీకాకుళం జిల్లాకి ఎంత వచ్చిందో అడిగే హక్కు మనకుంది. అభివృద్ధి పేరు చెప్పి అడగనివ్వకపోతే ఏమవుతుందో 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి థర్మల్ ప్లాంటును వ్యతిరేకించినవాళ్ళ మీద జరిగిన పోలీసు కాల్పుల్లో చూశాం. ఇంకో మాట. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు చెడుతున్నాయో ఇప్పటికీ గట్టిగా తేలలేదు. నీళ్ళలో అతి తక్కువ మోతాదు రసాయనాన్ని పట్టే సెన్సరు సైన్యం కోసం చేస్తే, దాని మొదటి పరీక్ష మన బోరునీళ్ళ మీదే జరగాలని అర్జీలో రాయండి. పని పక్కదారి పడుతుందంటారు కన్సల్టెంట్లు. నా దృష్టిలో అదే అసలు దారి.

గ్రాంటు వచ్చిందంటే కొనుగోలు ఖాయమైనట్టు కాదు. 2022 మార్చిలో డిఫెన్స్ అక్విజిషన్ కౌన్సిల్ ఐడెక్స్ సంస్థల నుంచి 14 వస్తువులు, 380 కోట్ల విలువైనవి, కొనడానికి ఆమోదించింది. అక్కడిదాకా వచ్చేవి కొన్నే. అందుకే ఒప్పందం మీద సంతకం పెట్టేనాడే అడగండి: దీన్ని ఏ యూనిట్ వాడి చూస్తుంది, నచ్చితే ఎన్ని కొంటారు, ఎన్నాళ్ళలో చెబుతారు? జవాబు కాగితం మీద తీసుకోండి.