వీరావల్ బాబాయి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ శ్రీకాకుళం తీరంలో వలలు బాగుచేసేవాళ్లు వలలు, తెప్పలు బాగుచేసేవాళ్లు తెప్పలు పట్టుకుని కూర్చుంటారు. వీరావల్ బాబాయి ఇద్దరి దగ్గరా కూర్చుంటాడు.

ఈయన ఒక్కడనుకునేరు! భావనపాడు నుంచి విజయనగరం చింతపల్లి దాకా పేటకొకడుంటాడు. గుజరాత్‌లోని వీరావల్‌కి మనవాళ్లు ఏటా వలస పోతారు. నెలల తరబడి పెద్ద బోట్ల మీద ఒళ్లు హూనం చేసుకుని వచ్చి, మాటాపలుకూ లేకుండా పడుకుంటారు. బాబాయి ఒక్క సీజను వెళ్లొచ్చి, ఇరవై ఏళ్లుగా మాట్లాడుతున్నాడు.

పోయిన మే నెలలో మా బావ ఫైబర్ తెప్పకి ఇంజిను బిగించే వెనక పలక పుచ్చింది. పైన ఫైబర్ నిగనిగలాడుతూనే ఉంది. బోల్టుల కన్నాల్లోంచి ఉప్పునీరు దిగి, బయటికి దారిలేక, లోపలి చెక్కని నానబెట్టిన అటుకుల్లా చేసేసింది. పాత దుంగల తెప్పలకి ఈ రోగం లేదు. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగలు ఎండేసుకునేవారు.

బాబాయి పనసకాయని చూసినట్టు పలక మీద వేళ్లతో కొట్టాడు.

"ఓరి గుంటడా, ఇది పుచ్చడమేటి? ఈరావల్‌లో ఇలాటివి నాను సూడనేదా? సెక్క తియ్యకు. మీదింకో పొర ఏసెయ్యి." (బావకి నలభై దాటాయి.)

బావ స్క్రూడ్రైవరు గుచ్చాడు. పిడి దాకా దిగిపోయింది.

"అదే నానూ సెప్తన్నాను. తియ్యాల!"

తీశారు. నిషేధకాలం సాయం 2025లో 20 వేలకి పెరిగింది కదా, అందులో మెరైన్ ప్లైవుడ్‌కెంతో, పిల్లల ఫీజుకెంతో బావకంటే ముందే బాబాయి లెక్క తేల్చేశాడు. లోపల తడి పూర్తిగా ఆరితేనే రెజిన్ పట్టుకుంటుంది, నాలుగు రోజులాగుదామన్నాడు బావ. "సముద్రంలో తిరిగేదానికి తడేటిరా?" అని బాబాయి నవ్వాడు.

కిలో రెజిన్‌కి పది గ్రాముల హార్డెనర్ చాలు. మే ఎండలో అంతకు మించితే కొంప మునుగుతుంది. అయిదోనాడు బావ రెజిన్ బకెట్టులో పోసుకుని, హార్డెనర్ కలపకుండానే అన్నానికి వెళ్లాడు. ఆ కాస్త సందులో బాబాయి సీసా బోర్లించాడు. గట్టిగా ఉండాలంటే గట్టిగా పొయ్యాలట. మేం వచ్చేసరికి బకెట్టు పొగలు కక్కుతోంది. బ్రష్షు అందులో నిలువునా నిలబడిపోయింది, ధ్వజస్తంభంలాగ.

"సూసినావా, ఎంత గట్టి సరుకో!"

బావ నోరెత్తలేదు. ఇంకో కిలో కొనుక్కొచ్చి, బాబాయి నిద్రపోయాక పని ముగించాడు. జూన్ 15న తెప్ప నీళ్లలో పడింది. బకెట్టు, బ్రష్షుతో సహా, బాబాయి వాకిట్లో ఉంది. దారినపోయే కుర్రాళ్లని పిలిచి చూపిస్తుంటాడు, ఈరావల్ పద్ధతి అని.