ఆధారం ఉందాండీ?

బొమ్మ రైళ్ల క్లబ్బు ఏ దేశంలో పెట్టినా పట్టాల కంటే ముందు అందులోకి ఒకాయన వచ్చి కూర్చుంటారు. ఆయన్ని ఎవరూ పిలిచి ఉండరు. చందా మాత్రం అందరికంటే ముందు కట్టేస్తారు, చిల్లరతో సహా. ఇంగ్లండులో ఈ బాపతు మనుషుల్ని రివెట్లు లెక్కపెట్టేవాళ్లంటారు. అసలు ఇంజను బాయిలరు మీద ఎన్ని రివెట్లుంటే బొమ్మ దాని మీదా అన్నే ఉండాలి. ఒక్కటి తగ్గినా అది ఇంజను కాదు, డబ్బా. లండన్‌లో మోడల్ రైల్వే క్లబ్బు 1910లోనే పుట్టింది. దానికి రెండో సభ్యుడు ఈయన తాతలాంటి వాడే అయి ఉంటాడని నా అనుమానం.

మా రాజమండ్రి క్లబ్బుకి కూడా అలాగే ఒకాయన వచ్చారు. చేతిలో వెర్నియర్ కాలిపర్సు, చంకలో ఫైలు, ఇస్త్రీ చొక్కా జేబులో రెండు పెన్సిళ్లు. ఒకటి రాసుకోవడానికి, రెండోది ఎవరికీ ఇవ్వకపోవడానికి. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారట. రైల్వేలో ఒక్క రోజు కూడా ఉద్యోగం చెయ్యలేదు. అందుకే ఆయనకి రైల్వే అంటే అంత గౌరవం.

క్లబ్బంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక సభ్యుడి మేడ మీద 16 అడుగుల గది, నాలుగు ప్లైవుడ్ బల్లలు, మాట వినని ఫ్యాను. మొదట అందరం రాజమండ్రి స్టేషనే కట్టేద్దామనుకున్నాం. సొంత ఊరి మీద మమకారం కదా. ఆయన కాగితం తీసి లెక్క వేశారు. మేం ఎంచుకున్నది 1:87, అంటే అసలు దానిలో 87వ వంతు. ప్రపంచంలో ఎక్కువమంది వాడే హెచ్‌ఓ స్కేలు అదే. 24 పెట్టెల బండి ఆగే ప్లాట్‌ఫాం కట్టాలంటే ఆ లెక్కన కూడా ఆరు మీటర్లు దాటుతుంది.

“ఇంజను మన గదిలో ఉంటుంది, గార్డు పెట్టె పక్కింటివాళ్ల వంటింట్లో ఉంటుంది. వాళ్లనడిగారాండీ?” అన్నారు.

అడగలేదు. అలా గోదావరి దాటి, అవతలి ఒడ్డున ఉన్న చిన్న స్టేషను కొవ్వూరు మీద పడ్డాం.

కొవ్వూరు ఖాయమయ్యాక పట్టాల దగ్గర పేచీ మొదలైంది. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. 87 పెట్టి హెచ్చిస్తే 1,435 వస్తుంది, అది యూరప్ వాళ్ల గేజి. మన బ్రాడ్‌గేజి 1,676. ఆ లెక్కన మా బల్ల మీద పట్టాల మధ్య 19.26 మిల్లీమీటర్లు ఉండాలి. “మూడు మిల్లీమీటర్లు కూడా తేడా లేదు కదండీ, ఎవరు చూడొచ్చారు?” అన్నారు మా ట్రెజరరు గారు. మా కాలిపర్సాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కళ్లజోడు తీశారంటే ఎవరికో మూడిందని అర్థం.

“అసలు లైను మీద అది జానెడండీ. జానెడు తక్కువైన పట్టాల మీద మెయిలు నడిపిస్తారా మీరు?”

ట్రెజరరు గారు జీవితంలో మెయిలు నడిపించలేదు. అయినా తప్పు చేసినవాడిలా తల దించుకున్నారు. ఆ పూట నుంచి రెడీమేడ్ పట్టాలు బంద్. ఐస్‌క్రీం పుల్లలు చీల్చి స్లీపర్లు కోశాం. కొన్న పెట్టెల చక్రాలన్నీ ఇరుసుల నుంచి ఊడబీకి, జరిపి బిగించాం. ఒక్క గజం లైను వెయ్యడానికి ఎంత కాలం పడుతుందో ఇక్కడ రాస్తే మా ఇళ్లలో చదువుతారు. అందుకని రాయను.

తర్వాత కంకర. కంకర్రాయి 65 మిల్లీమీటర్లు దాటకూడదు. దాన్ని 87తో భాగిస్తే మిల్లీమీటరులో ముప్పావు లోపు. ఎవరో ఇసుక తెచ్చి పోశారు. కాలిపర్సు పెట్టి కొలిచి, “ఇవి కంకర కాదండీ, ఇడ్లీ రవ్వ. ఆ స్కేలుకి ఇడ్లీ రవ్వంటే బండరాళ్లే. బొంబాయి రవ్వ ఉండాలి” అని తీర్పు చెప్పారు. ఇంటి నుంచి పిండి జల్లెడ పట్టుకొచ్చి, గోదావరి ఇసుకని మూడు సార్లు జల్లించి, పైన నిలిచింది ఒక సీసాలో, కింద పడింది ఒక సీసాలో పోసి చీటీలు అంటించారు. ఆ జల్లెడ మళ్లీ ఇంటికి వెళ్లలేదు. వాళ్లావిడ ఫోన్ చేసి అడిగినప్పుడల్లా “పనిలో ఉంది” అంటారు. మనిషి గురించి చెప్పినట్టే చెబుతారు.

ఇక ఏడాది. “ఏ సంవత్సరం కొవ్వూరండీ?” అని అడిగారు ఒక రోజు. మాకు కొవ్వూరంటే కొవ్వూరే. గోష్పాద రేవు, స్టేషను, వంతెన. ఆయనకి అలా కుదరదు. 1900 నుంచి హేవలాక్ వంతెన ఒక్కటే. 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చింది. 1997లో ఆర్చి వంతెన వచ్చి పాతదానికి విశ్రాంతి ఇచ్చింది. ఏడాది మారితే నది మీద వంతెనల లెక్కే మారిపోతుంది. పెట్టెల మీద రాతా అంతే: 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది, అంతకు ముందు దక్షిణ రైల్వే. 1974 దాటితే మూడో తరగతి పెట్టె పనికిరాదు. డబ్ల్యూడీఎం-2 డీజిలు కావాలంటే 1962 కంటే వెనక్కెళ్లి లాభం లేదు, అది అప్పటికి గానీ అమెరికా నుంచి దిగలేదు.

వైరింగు చూసే కుర్రాడు ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. “1974 మే నెల పెట్టేద్దామండీ. దేశమంతా రైల్వే సమ్మె. ఒక్క బండీ నడపక్కర్లేదు, నాకూ వైర్లు లాగే పని తప్పుతుంది.”

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. ఫైలు తిరగేస్తూ, “సమ్మెలో కూడా కొన్ని బండ్లు నడిచాయండీ. ఏవి నడిచాయో ఆధారం దొరికితే చూద్దాం” అన్నారు. చివరికి 1965 అని రాజీ పడ్డాం. రాజీ అంటే ఆయన చెప్పారు, మేం పడ్డాం.

మనుషుల బొమ్మల సంగతి విడిగా చెప్పుకోవాలి. ఈ స్కేలుకి మనిషి రెండు సెంటీమీటర్లు కూడా ఉండడు. అంత చిన్న బొమ్మల్ని పనితనంతో చేసేది జర్మనీవాళ్లు. పెట్టె విప్పితే అందరూ కోట్లు, టోపీలు, చేతిలో తోలు పెట్టెలు. వాళ్లని కొవ్వూరు ప్లాట్‌ఫాం మీద నిలబెడితే వలస కలెక్టర్ల సభలా ఉంటుంది. అందుకని టోపీలు చెక్కేసి, టిష్యూ కాగితం జిగురులో ముంచి, పట్టకారుతో కుచ్చిళ్లు తీర్చి దొరలకు పంచెలు కట్టాం, దొరసానుల గౌన్లని చీరలు చేశాం. ఒక దొరగారి చేతిలో గొడుగు ఉంటే దాన్ని అలాగే ఉంచాం, పోనీ కరణంగారనుకుందామని. ఆయన భూతద్దం పెట్టి ఒక్కొక్కర్నీ చూశారు. అందరూ బూట్లతో ఉన్నారు. సాయంత్రం దాకా బూట్లు గీకి పాదాలు తేల్చాం.

వంతెన దగ్గర మాత్రం ఆయనకే చెమటలు పట్టాయి. హేవలాక్ వంతెనకి 56 స్పాన్లు, ఒక్కోటి 150 అడుగులు. మా స్కేలుకి మొత్తం కలిపితే దాదాపు 30 మీటర్లు, అంటే మేడ దిగి, వీధి దాటి, సోడా కొట్టు దాకా పోవాలి. ఒక స్పాను పూర్తిగా, రెండోది సగం కట్టి గోడకి ఆనించాం. “మిగతావేవండీ?” అన్నారు. కుర్రాడు దూది తెచ్చి పల్చగా పీకి గోడ దగ్గర అతికించి “మంచు” అన్నాడు. తెల్లవారుజామున గోదావరి మీద మంచు కమ్మితే వంతెన సగంలోనే మాయమవడం రాజమండ్రిలో పుట్టినవాళ్లెవరికీ కొత్త కాదు. ఆయన చాలాసేపు చూసి ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక అసలు కష్టం మొదలైంది. మంచంటే జనవరి, వేళ తెల్లవారుజాము. అంటే స్టేషను దీపాలు వెలుగుతూ ఉండాలి. ప్రయాణికుల చెవులకి మఫ్లర్లు చుట్టాలి. గేటు దగ్గర ఇంటి ముందు ముగ్గు ఉండాలి. అంతకుముందే బాగు చేసిన జనమంతా మళ్లీ రిపేరుకొచ్చారు. “చలికాలమే కదండీ, ఆ ఓవర్‌కోట్లు ఉంచేసినా సరిపోయేది” అని నేను నసిగాను.

“కొవ్వూరులో ఓవర్‌కోటుకి ఆధారం ఉందాండీ?”

ఇన్ని చెప్పాను గనక ఒక మాట న్యాయంగా చెప్పాలి. బల్ల అంచుకి గడ్డం ఆనించి ప్లాట్‌ఫాం ఎత్తులో కన్ను పెట్టి చూస్తే, పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలూ, రెక్క సిగ్నలూ, ఆ వెనక దూదిలో కరిగిపోయే ఇనుప వంతెనా చూస్తే, ఇది మరో ఊరు కాదు. నాకు నచ్చిన కొలతలతో కట్టి ఉంటే ఏదో ఒక స్టేషను అయ్యేది.

ఒకసారి రిటైరైన స్టేషన్ మాస్టారు ఒకాయన్ని మర్యాదగా కారెక్కించి తీసుకొచ్చాం. ఆ లైనులోనే ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. మా కాలిపర్సాయన ఫైలు తెరిచి, పెన్సిలు చెక్కి, ప్రశ్నలు వరసగా పెట్టుకున్నారు. ఫైరు బకెట్ల ఎరుపు ఏ ఛాయ? లివర్ల మీద రంగు ఎంత దాకా?

“ఏ ఛాయేమిటండీ బాబూ, స్టోర్స్ నుంచి ఏ డబ్బా వస్తే అదే. రెండు డబ్బాలు కలిపేసిన రోజులూ ఉన్నాయి. పెద్దాఫీసరు ఇన్‌స్పెక్షనుకి వస్తున్నాడంటే రాత్రికి రాత్రి ఇంకో పూత.”

“బకెట్లలో ఇసుక ఎంత మట్టానికి ఉండేదండీ?”

“ఇసుకా! మా పోర్టరు వాటితో బంతి మొక్కలకి నీళ్లు పోసేవాడండి. ఆయ్!”

మాస్టారు గారు కాఫీ తాగి, ప్లాట్‌ఫాం మీద మేకలేవని అడిగి, బాగుంది బాగుంది అని దిగి వెళ్లిపోయారు. మా కాలిపర్సాయన పెన్సిలు జేబులో పెట్టుకుని, కాసేపు ఊరుకుని అన్నారు: “పాపం, ఆయన ఉద్యోగం చేశారు. స్టేషన్ని చూడలేదు.” ఫైలులో ఆ పేజీకి అడ్డంగా ఒక గీత కొట్టి “నమ్మదగినది కాదు” అని రాశారు. బకెట్లలో ఇసుక నిబంధన ప్రకారమే పోశాం. మేకలకి ఆధారం కోసం ఇంకా వెతుకుతున్నారు.

ఎప్పటికి పూర్తవుతుందని అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధం. పాటగాడు రాడ్ స్టూవర్ట్ తన ఇంట్లో అమెరికా నగరాన్నీ రైళ్లనీ 20 ఏళ్లకు పైగా కట్టి, పూర్తయినదాన్ని 2019లో గానీ లోకానికి చూపించలేదట. “ఆయనకి పాటల పని కూడా ఉందండీ పాపం” అంటారు. హాంబర్గులో 2001లో తెరిచిన మినియేచర్ వండర్‌లాండ్‌లో వెయ్యికి పైగా బండ్లు తిరుగుతాయని కుర్రాడు ఫోనులో వీడియో చూపిస్తే, దీక్షగా చూసి, “తిరుగుతాయండీ, తిరగడానికేముంది” అన్నారు. ఆయన దృష్టిలో బండి తిరగడం పిల్లలాట. అసలు పని బండి తిరగడానికి అర్హత సంపాదించడం. మా కొవ్వూరులో ఒక్క బండీ తిరగకపోవడానికి కారణం అదే: డబ్ల్యూపీ ఇంజను ముక్కు మీద నక్షత్రం ఇంకా ఆమోదం పొందలేదు.

మొన్న మాఘమాసంలో ఆయన బంధువుల పెళ్లికి కాకినాడ వెళ్లారు. ఆదివారం గదిలో మేమే ఉన్నాం. కుర్రాడు తలుపు గడియ పెట్టి, సంచిలోంచి తెల్లటి వందే భారత్ తీశాడు. ఇరుసులు ఎప్పుడు మార్చుకున్నాడో, చక్రాల ఎడం సరిగ్గా 19.26. అడిగితే “అలవాటైపోయిందండీ” అన్నాడు. 2019లో మొదలైన బండి 1965 కొవ్వూరులోకి, మూడో తరగతి జనం ముందు నుంచి, నీలం గీతతో జుయ్యిమని వెళ్లిపోయింది. ట్రెజరరు గారు చప్పట్లు కొట్టారు. మళ్లీ మళ్లీ నడిపాం. తర్వాత అన్నీ తుడిచి, సర్ది, ఏమీ ఎరగనట్టు తాళం వేశాం.

తరువాతి వారం ఆయన వచ్చి, పెళ్లి లడ్డూలు బల్ల మీద పెట్టి, వంగి పట్టాల మీద వేలు రాశారు. వేలు చూసుకున్నారు. ప్లాట్‌ఫాం అంచున వెంట్రుకవాసి నీలం రంగు అంటుకుని ఉంటే దాని మీద భూతద్దం పెట్టారు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. కళ్లజోడు తీశారు.

“వందే భారత్ కొవ్వూరులో ఆగదు కదండీ. మెయిన్ లైన్ ఇవ్వాల్సిన బండిని లూప్ లైన్‌లో ఎందుకు పంపించారు?”

కుర్రాడు గోడకేసి చూస్తూ చెప్పాడు. “మెయిన్ లైన్ మీద మీ జల్లెడ ఉందండీ.”