గట్టి బోల్టు పెట్టిన మాష్టారు

హైస్కూల్లో పిల్లలకి ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరైన మనిషిని నేను. స్క్రూ అంటే చుట్ట చుట్టిన వాలుతలమేనని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ణి. తక్కువ బలంతో ఎక్కువ బరువుని కదిలించే సాధనమనీ చెప్పేవాణ్ణి. ట్రాక్టరు వెనక తగిలించే గుంతల మిషను సొంతానికి కొన్నాక ఆ పాఠాలన్నీ నాకు మళ్లీ చెప్పింది మా డ్రైవరు. వాడు ఏడో తరగతి తప్పి బడి మానేశాడు.

మాది ఏలూరు జిల్లా మెట్ట. నాన్నగారి హయాంలో జీడిమామిడి ఉన్న ఎర్రనేలలో పామాయిల్ వేద్దామనుకున్నాను. తొమ్మిది మీటర్ల ఎడంతో ముక్కోణంగా పెడితే ఎకరానికి 57 మొక్కలు. పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉండబట్టి మా వైపు ఈ లెక్క నిద్దట్లో లేపి అడిగినా చెబుతారు. మొక్కల గుంతలు కాక చుట్టూ కంచెకి రాతి స్తంభాలు పాతాలి. ఏడడుగుల రాయికి రెండడుగులన్నా భూమిలో ఉండాలి కదా. గుంతకింత అని తీసుకుని తవ్విపెట్టే మిషన్లు ఊళ్లోనే ఉన్నాయి. అయినా సొంతది కొంటే మన పని అయ్యాక పదిమందికీ అద్దెకివ్వొచ్చని లెక్క వేశాను. మా ఆవిడ ఆ లెక్క తప్పని అప్పుడే చెప్పింది. ఆ సంగతి ఇక్కడ ఎక్కువ రాయను.

మిషను చూడ్డానికి పెద్ద విచిత్రమేమీ కాదు. ట్రాక్టరు మూడు లింకులకి తగులుకునే ఇనప బూమ్, దాని చివర గేర్ బాక్సు, దాని కింద వేలాడే మనిషి మొలెత్తు బర్మా. ట్రాక్టరు వెనక ఉండే పీటీఓ ఇరుసు నిమిషానికి 540 చుట్లు తిరుగుతూ, షాఫ్టు ద్వారా గేర్ బాక్సుని తిప్పుతుంది. గేర్ బాక్సు ఆ వేగాన్ని తగ్గించి, తిప్పుడుని నేలవైపు మళ్లిస్తుంది. గేర్ బాక్సు ఇరుసుకీ బర్మాకీ మధ్య చిటికెన వేలంత బోల్టు ఒకటి అడ్డంగా ఉంటుంది. దాని గురించి తర్వాత.

తొలకరికి పని మొదలెట్టాం. డ్రైవరు బర్మాని జానెడు దించడం, పైకెత్తి మట్టి దులపడం, మళ్లీ జానెడు దించడం. నాకది నస పని అనిపించింది. "అలా ముక్కముక్కలుగా ఏంట్రా, ఒక్కసారి లివరు పూర్తిగా వదిలెయ్" అన్నాను. "మట్టి తడిగా ఉందండి, దిగబడిపోద్దండి" అన్నాడు వాడు. "దిగబడ్డానికేగా కొన్నది" అన్నాను. వదిలాడు. బర్మా మట్టిని పైకి తేవడం మానేసి చుట్టు వెంట చుట్టు భూమిలోకి దూరిపోయింది, నేను బోర్డు మీద గీసిన బొమ్మ ప్రకారమే. లివరు పైకి లాగితే హైడ్రాలిక్ పంపు మూలిగింది, ట్రాక్టరు వెనక టైర్లు నేలకి నొక్కుకున్నాయి, బర్మా మాత్రం అంగుళం కదల్లేదు. ఇంకా రేస్ ఇవ్వమన్నాను. వాడు నా మాట వినలేదు. ఇంజను ఆపి, పీటీఓ విడదీసి, పైపు రెంచికి పొడుగాటి గొట్టం తొడిగి, బర్మాని వెనక్కి తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఎండలో వాడి వెనక నిలబడి నేను గొడుగు పట్టాను. ఆ రోజు నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

చెరువు గట్టు కింది నల్లరేగడి చెక్కలో ఇంకో ముచ్చట జరిగింది. తడి మీద తవ్విన గుంతల గోడలు అద్దం పెట్టినట్టు నున్నగా వచ్చాయి. ఎంత ముద్దుగా ఉన్నాయో అని ఫోనులో ఫొటోలు కూడా తీశాను. బర్మా అంచు తడి రేగడిని నొక్కి పామేస్తే ఆ పొరలోంచి నీళ్లు ఇంకవు, లేత వేరు దాన్ని పొడుచుకుని బయటికి పోలేదు. మొక్కలు పెట్టాక వానకి గుంతల నిండా నీళ్లు నిలిచాయి. పసుపెక్కిన మొక్కల్ని పీకి చూస్తే వేళ్లు గుంత గోడ వెంబడే గుండ్రంగా తిరిగి ఉన్నాయి. గునపంతో గోడలు నాలుగు వైపులా గీకి గరుకు చేస్తే సరిపోయేది. గునపం ట్రాక్టరు మీదే ఉంది.

ఆ ఏడాది పని అయ్యాక మిషను ఊడదీసి పశువుల పాక పక్కన పడుకోబెట్టించాను. ఇనుమే కదా, దానికేమవుతుందని. గేర్ బాక్సు నెత్తిన గాలి ఆడేందుకు చిన్న రంధ్రమున్న బిరడా ఉంటుంది. మిషను నిలువుగా ఉన్నంత కాలం దానితో పేచీ లేదు. పడుకోబెడితే లోపలి తొంభై నంబరు ఆయిలు అందులోంచే బొట్టుబొట్టుగా కారుతుంది. నేల మీద నల్ల మరక కనపడితే ట్రాక్టరు కార్చిందనుకున్నాను. మరుసటి ఏడు మిషనుని లేపి లింకులకి తగిలించడానికి మనుషుల్ని పిలవాల్సొచ్చింది. గేర్ బాక్సు ఒక పక్కకి, బూమ్ ఇంకో పక్కకి ఒరిగిపోతుంటే పిన్ను రంధ్రంలోకి పోదు. ఆ తొందరలో నా ఉంగరం వేలు నలిగింది. గోరు ఊడి కొత్తది వంకరగా మొలిచింది. ఆయిలు చూద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు, ఆ వేలికి పసుపు రాసే హడావిడిలో.

ఇక బోల్టు సంగతి. పాత జీడిమామిడి మొద్దుల వేళ్లు ఇంకా భూమిలోనే ఉన్నాయి. బర్మా మొన వేరుకో రాయికో తగిలినప్పుడల్లా ఆ చిన్న బోల్టు పుటుక్కున తెగేది. మార్చి మార్చి విసుగొచ్చి, బోల్టులు అమ్ముకోవడానికి కంపెనీ పన్నిన ఎత్తు ఇది అని తేల్చేశాను. ఏలూరెళ్లి, తల మీద 10.9 అని అచ్చు వేసి ఉన్న బోల్టు తెచ్చాను. ఆ అంకె పెరిగేకొద్దీ బోల్టు గట్టిదని నాకు తెలుసు. తెలియక చేసిన పని అయితే ఇంత సిగ్గుండేది కాదు. డ్రైవరు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, "మాష్టారండీ, ఫ్యూజు ఊరికే పోతోందని ఎవరైనా ఇనప మేకు పెడతారాండి?" అన్నాడు. పదో తరగతికి ఫ్యూజు పాఠం నేనెన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. "బిగించరా" అన్నాను.

మధ్యాహ్నానికి బోల్టు నిక్షేపంగా ఉంది. గేర్ బాక్సులో క్రౌన్ చక్రం పళ్లు రాలిపోయాయి. విప్పితే ఆయిలు చెంచాడు కూడా లేదు. కొత్త గేర్ బాక్సు ఖరీదుకి ఆ మెత్తని బోల్టులు మా మనవల కాలం దాకా వచ్చేవి.

అదే రోజు ఇంకొకటి జరిగింది. అది తల్చుకుంటే నవ్వు రాదు. గ్రీజు పెట్టడానికి అడ్డంగా ఉందని పీటీఓ షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు నేనే పీకించేశాను. లుంగీ కట్టుకుని, భుజాన తువ్వాలుతో, గుంత లోతు చూద్దామని వంగాను. తువ్వాలు కొస షాఫ్టుకి అందింది. నిమిషానికి 540 అంటే సెకనుకి తొమ్మిది చుట్లు. అబ్బా అనే లోపు తువ్వాలు భుజం మీంచి ఎగిరిపోయి షాఫ్టుకి చుట్టుకుపోయింది. డ్రైవరు క్లచ్ పూర్తిగా తొక్కి ఆపాడు. తువ్వాలు మెడ చుట్టూ కాకుండా భుజం మీద ఊరికే వేసుకోబట్టి ఇది రాస్తున్నాను. లుంగీ కుచ్చెళ్లు షాఫ్టుకి ఎంత దూరంలో ఉన్నాయో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

రెండో ఏడు పని అయ్యాక మిషనుని పడుకోబెట్టకూడదని బుద్ధి వచ్చింది. వచ్చిన బుద్ధి ఎలాంటిదంటే, చింతచెట్టు కింద బర్మాని నేలలోకి దించేసి, పిన్నులు పీకి, ట్రాక్టరు ముందుకి లాగేశాం. మిషను దానంతటదే నిలబడింది. రెండ్రోజులకైతే ఇది మంచి ఉపాయమే, చాలామంది చేస్తారు. నేను వానాకాలం మొత్తం వదిలేశాను. వానలకి మట్టి బర్మా చుట్టూ కూరుకుని, ఎండలకి బిగిసి, తుప్పుతో కలిసి రాయైపోయింది. ఒకదానిలో ఒకటి జారాల్సిన షాఫ్టు గొట్టాలు కూడా తుప్పుతో అతుక్కుపోయాయి. గుంతలు తవ్వే మిషనుని బయటికి తీయడానికి ఇద్దరు కూలీల్ని పెట్టి దాని చుట్టూ గునపాలతో గుంత తవ్వించాను. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఒకాయన, "మాష్టారూ, గుంతకెంత తీసుకుంటున్నారు?" అని అడిగాడు.

ఇప్పుడు ట్రాక్టరు షెడ్డులో పాత ఇనప గొట్టాలతో వెల్డింగు చేయించిన స్టాండు ఉంది. గేర్ బాక్సు నిలువుగా, బూమ్ లింకుల ఎత్తులో, బర్మా నేలకి జానెడు పైన వేలాడుతుంది. తగిలించడానికి డ్రైవరొక్కడే చాలు. పని అయ్యాక మట్టి కడిగి, బర్మాకి వాడేసిన ఇంజనాయిలు పూసి, షాఫ్టు గొట్టాలకి గ్రీజు పెడతాడు. తొడుగు మళ్లీ వేయించాను. మెత్తని బోల్టులు ఒక డబ్బా నిండా ఉన్నాయి. అద్దెకి అడిగిన వాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు.

మీలో ఎవరైనా ఈ మిషను కొనే ఆలోచనలో ఉంటే ముందు స్టాండు చేయించుకోండి, ఆ తర్వాత మిషను తెచ్చుకోండి. దాని దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం లుంగీ, తువ్వాలు ఇంట్లో వదిలేసి ప్యాంటు వేసుకెళ్లండి.