తోకున్నవాడు ఇంకొకడు

నేను హనుమంతుణ్ణి. అంటే, మేకతోలు హనుమంతుణ్ణి. నరసరావుపేట దగ్గర ఓ ఊళ్లో మా ముసలాయన తండ్రి చేతిలో పుట్టాను. తోలు నానబెట్టి, బొచ్చు గీకి, ఆరబెట్టి, రంగులద్ది, ఉలితో ఒళ్లంతా చిల్లులు పొడిచాడు. ఆ చిల్లులే నా నగలు. వెనక ఆముదం దీపం పెడితే కిరీటం ధగధగలాడేది. నేను లంకలో దూకగానే ఆటగాళ్లు కాళ్లకింద చెక్కలు దడదడలాడించేవాళ్లు. పిల్లలు కోడి కూసేదాకా కదిలేవాళ్లు కాదు.

ఇప్పుడు నా చోటు గోడమేకు. కొడుకూ కోడలూ మిరపకల్లం కాపలాకు పోతే, మనవడు తాత పక్కన చేరి ఫోను తెరుస్తాడు. ఎదురుగా ఉన్నాను కదా, నాకూ చూపే.

మొదట్లో అంతా ఛోటా భీమే. హైదరాబాదువాళ్లు గీసిన బొమ్మ, 2008లో టీవీకెక్కాడు. ముద్దుగానే ఉంటాడు, కాదనను. పాండవుడి పేరు పెట్టుకున్నారు గానీ మా ఆటలో నవ్వించే కేతిగాడి వెకిలితనమో, బంగారక్క నోటిదురుసో కాస్త తీసుకుంటే ఏం పోయేది? 2019 సినిమాలో వాణ్ణి కుంగ్‌ఫూ పోటీకని చైనా పంపారు. తోలుబొమ్మల ఊళ్లు అంతకన్నా దూరమయ్యాయి కాబోలు!

ఓ రాత్రి ఫోన్లో కోతి గెంతింది. సున్ వుకాంగ్ అట. చైనా సర్కారు టీవీ 1999లో వాడి కథను 52 భాగాల కార్టూనుగా వేసింది. మావాడు చూసింది అంతకన్నా పాతది, 1960ల్లో షాంఘైలో వాన్ లైమింగ్ తీసిన సినిమా. ముఖాన పెకింగ్ నాటకాల రంగులు, గెంతుకో డప్పు, దెబ్బకో తాళం. తమ రంగస్థలాన్నే తెచ్చి బొమ్మల్లో పోశారు. మాట ఒక్కటీ తెలియకపోయినా పిల్లాడి కాలు దరువేస్తూనే ఉంది. మా చెక్కల దరువు వింటే వేయడా?

వాడు నా వంశమేనా అన్నది చైనా పండితుల పాత తగువు. హూ షీ అవునన్నాడు, లూషున్ కాదన్నాడు. నా సాక్ష్యం ఎవరూ అడగలేదు. అయితే ఆ కథలో కోతికి గురువైన సన్యాసి ఉత్త కల్పన కాదు, హ్యుయాన్ త్సాంగ్. 7వ శతాబ్దంలో మా పక్కనున్న ధాన్యకటకానికి, అదే అమరావతికి, వచ్చి కొన్నాళ్లుండి చదువుకుపోయాడు. గురువు మా దారినే నడిచాక శిష్యుడితో చుట్టరికం కలుపుకుంటే తప్పా?

"తాతా, వీణ్ణి చెక్కగలవా?" అన్నాడు మనవడు.

ముసలాయన ఫోను దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు. "తోక కీలు విడిగా కట్టాలిరా. ఉలి ఉంది. తోలే కొనాలి."

తోలు ధర చెబితే పిల్లాడు నోరెళ్లబెట్టాడు. కల్లం లెక్కలు తేలాక నాన్ననడుగుతానన్నాడు.