ఉన్నదున్నట్టు

ఫొటోగ్రాఫరు పెట్టిన గడువు 14 రోజులు. ఆలోపైతే కదిపినా బిడ్డ అంత తేలిగ్గా నిద్ర లేవదు, కడుపులో ఉన్నట్టే ముడుచుకుని పడుకుంటుంది. 11వ రోజు పురుడు వెళ్లేదాకా బయటివాళ్లు గడప తొక్కడానికి వీల్లేదంది నాన్నమ్మ. ఇద్దరి లెక్కా కుదిరేట్టు 12వ రోజు ఖాయం చేశారు.

కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు. రెండో కాన్పు, మళ్లీ ఆడపిల్లే. పెద్దదానికి నాలుగేళ్లు. అది పుట్టినప్పుడు స్టూడియోకి తీసుకెళ్లారు. తలకు పూల బ్యాండు కట్టి, బుట్టలో పడుకోబెట్టి తీశారు. ఈసారి తండ్రికి బుట్టలు వద్దు. క్యాండిడ్ కావాలన్నాడు. ఇంట్లో మనుషులు ఎలా ఉంటారో అలాగే రావాలన్నాడు.

"అయితే నేనున్నానని మరిచిపోండి సార్. మీ పనులు మీరు చేసుకోండి" అన్నాడు ఫొటోగ్రాఫరు.

వస్తూనే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాడు. ఏసీ ఆపించాడు. కిటికీ తెర పక్కకు లాగాడు. ఫ్లాష్ బ్యాగులోనే ఉంచేశాడు. 35 ఎంఎం లెన్సు ఒక్కటే బిగించి, కెమెరా చప్పుడు కట్టేశాడు.

తల్లి పాలిచ్చింది. పెద్దది చెల్లెలి అరికాలికి ముద్దు పెట్టి, వెంటనే గిల్లింది. రెండూ తీశాడు.

తొమ్మిదిన్నరకు నాన్నమ్మ పీట మీద కూర్చుని కాళ్లు చాపింది. బిడ్డను కాళ్ల మీద వేసుకుంది. నూనె రాసింది, సున్నిపిండి రుద్దింది, వేడినీళ్లు పోసింది. ముక్కు నొక్కింది, తల ఒత్తింది. ఒళ్లు తుడిచి, కిటికీ దగ్గర చాప మీదకు తెచ్చుకుంది. పొగ పట్టొద్దని డాక్టరు చెప్పాడని కోడలు గుర్తు చేస్తే, నిప్పుల మీద సాంబ్రాణి చిటికెడే వేసింది. బిడ్డ తల కింద ఎడమచెయ్యి పెట్టి, కుడిచేత్తో పొగను జుట్టుకేసి విసిరింది. అరికాలికి, బుగ్గకు కాటుక చుక్క పెట్టింది. ఏ పనిలోనూ చెయ్యి తడబడలేదు.

పొగలోంచి కిటికీ వెలుగు బిడ్డ మొహం మీద పడింది. ఫొటోగ్రాఫరు మోకాళ్ల మీద కూర్చుని వరసగా తీశాడు. ఆ రోజుకు అతనికి కావలసింది అక్కడే దొరికింది.

బిడ్డ లేచి ఏడిస్తే కాసేపు ఆగారు. కాఫీ తాగుతూ తండ్రి గోడ మీది పెద్దదాని ఫొటో చూపించాడు. పది రోజుల పిల్ల రెండు చేతుల మీద గడ్డం ఆనించుకుని నిద్రపోతోంది.

"ఇలా ఎలా ఉంటారు బ్రదర్?"

"ఉండరు సార్. మెడ నిలవదు కదా. ఒకసారి తల పట్టుకుని తీస్తారు, ఇంకోసారి మణికట్లు పట్టుకుని తీస్తారు. రెండూ కలిపి, పట్టుకున్న చేతులు చెరిపేస్తారు."

"నాలుగేళ్లుగా చూస్తున్నా, ఎక్కడా తెలియలేదే!"

"తెలియకుండా చెయ్యడమే పని సార్."

ఇంతలో ఫోను మోగింది. నాన్నమ్మ కిటికీ దగ్గరకు వెళ్లి మాట్లాడింది. ఫొటోగ్రాఫరు అలవాటు కొద్దీ కెమెరా అటు తిప్పి ఒకటి నొక్కాడు. తర్వాత బ్యాగు సర్దుకున్నాడు.

వారం తిరిగేసరికి ల్యాప్‌టాప్‌లో ఫొటోలన్నీ తెచ్చి చూపించాడు. తండ్రి సాంబ్రాణి ఫొటో దగ్గర ఆగిపోయాడు. వెలుగు బాగుంది, పొగ బాగుంది, నిద్రలో బిడ్డ మూతి బాగుంది. నాన్నమ్మ మొహం మాత్రం బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టుంది.

"అమ్మ నవ్వుతున్నది ఇంకోటి లేదా?"

"వెతికాను సార్. స్నానంలో లేదు, సాంబ్రాణిలో లేదు, ఒళ్లో పడుకోబెట్టుకున్నప్పుడూ లేదు."

"ఆవిడ అంతే బ్రదర్. ఫొటో అంటే బిగుసుకుపోతుంది. పెద్దది పుట్టినప్పుడూ ఇంతే. రెండు ఫొటోలు కలుపుతారన్నావే, అలా అమ్మ నవ్వు ఒకటి తెచ్చి దీనికి పెట్టెయ్."

"ఎక్కడో ఒకచోట నవ్వి ఉండాలి కదా సార్."

"నవ్వారు" అంది భార్య, బిడ్డను భుజాన వేసుకుని జోకొడుతూ. "పదకొండూ నలభై దగ్గర చూడండి."

చూశాడు. ఉంది. చెవి దగ్గర ఫోను. కళ్లు సగం మూసుకుపోయి, పైవరస పళ్లన్నీ కనిపించే నవ్వు. కిటికీ అదే, వెలుగు అదే, తల వాలు కూడా అటూ ఇటూగా అదే.

ఫొటోగ్రాఫరు ఆ తల తెచ్చి ఇక్కడ పెట్టాడు. ఫోను చెరిపేశాడు. దాన్ని పట్టుకున్న చెయ్యి చెంపకు ఆని ఉంది. అది తీసేస్తే చెవి, కమ్మ, జుట్టు మళ్లీ గీయాలి. ఉంచేసి, పొగ విసురుతున్న పాత చేతిని పొగలో కలిపేశాడు. కొత్త చెయ్యి వేళ్లు ముడిచి కణతకు ఆనించినట్టు కుదిరింది.

బారసాల 21వ రోజున వీలుపడలేదు. మూడో నెలలో చేశారు. అప్పటికి ఫొటో రెండడుగుల ఫ్రేములో హాలు గోడకెక్కింది. వచ్చినవాళ్లందరి చూపూ ఆ చేతి మీదే పడింది.

"మెటికలు విరుస్తోంది చూశారా" అంది ఒకావిడ.

"రెండోదీ ఆడపిల్లేనని మూతి ముడుచుకునే నాన్నమ్మల్నే చూశాం ఇన్నాళ్లూ" అంది ఇంకొకావిడ. కోడలి గడ్డం పట్టుకుంది. "ఇంత మురిసిపోతూ దిష్టి తీసే అత్తగారు దొరకడం నీ అదృష్టమమ్మా."

నాన్నమ్మ కళ్లజోడు పెట్టుకుని ఫ్రేము దగ్గరకు వెళ్లింది. చాలాసేపు చూసింది.

"ఇంతలా ఎప్పుడు నవ్వానే నేను?"

ఉయ్యాల్లో బొంత సర్దుతున్న కోడలు తలెత్తకుండానే చెప్పింది.

"పన్నెండో రోజు అత్తయ్యగారూ, పదకొండూ నలభైకి. రాజమండ్రిలో మీకు మనవడు పుట్టాడని ఫోనొచ్చింది కదా."