రెండు పిస్తోలు పద్యాలకు దొడ్డతోగూరు వ్యాఖ్య

అవతారిక

ఈ రెండు పద్యాలూ ఎలక్ట్రానిక్ సిటీ ఫేజ్ వన్‌లో, నీలాద్రి రోడ్డు పీజీ ఒకదాని లిఫ్టులో, ‘రాత్రి పదకొండు తర్వాత వాషింగ్ మెషీన్ వాడరాదు’ అన్న నోటీసు పక్కన అంటించి ఉండగా లభించినవి. కర్త పేరు తెలియదు. ‘కోడు’ అన్న ప్రయోగాన్ని బట్టి వృత్తిని, అరసున్నల జోలికి పోకపోవడాన్ని బట్టి కాలాన్ని ఊహించవచ్చు. ‘గట్టు’ అన్నాడు గనుక గోదావరి వాడని ఒక వర్గం వాదిస్తుంది. అనంతపురంలోనూ చెరువులున్నాయి, వాటికీ గట్లున్నాయి గనుక ఆ వాదం నిలవదు.

పద్యక్షేత్రాన్ని గురించి నాలుగు మాటలు. కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ 1978లో కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు గ్రామాల్లో 332 ఎకరాలు తీసుకుని వేసిన పారిశ్రామికవాడ ఇది. ఆ సంస్థ తొలి ఛైర్మన్ ఆర్.కె. బాళిగ ఆలోచన. ఇప్పుడిక్కడ సాయంత్రం ఏ మెస్సు ముందు నిలబడినా గుంటూరు, కడప, ఖమ్మం యాసలు మూడూ ఒకేసారి వినిపిస్తాయి. ఇక వ్యాఖ్యా పద్ధతి సంగతి. కాళిదాసుకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మెదక్ సీమ కొల్చారం వాడు. ఆధారం లేని మాట రాయనని ఆయన పెట్టుకున్న నియమమే ఈ వ్యాఖ్యాతకూ శిరోధార్యం. అనవసరమైనది చెప్పనని కూడా ఆయన అన్నాడు గాని, ఆ రెండో నియమం ఇక్కడ పాటించడం కష్టం.

మొదటి పద్యం

తే. చిన్నగుండు పిస్తోలుకై చిత్త మలరి
కోడు రాయుచు నలసిన కుర్రవాడు
పత్ర మేదని చట్టము పట్టి యడుగ
గాలి పిస్తోలు చేబట్టి గట్టు నెక్కె

ప్రతిపదార్థం: కోడు రాయుచున్ = కోడు రాస్తూ; అలసిన = సోమవారం నుంచి శుక్రవారం దాకా డస్సిన; కుర్రవాడు = ముప్ఫై దాటని, దాటినా ఒప్పుకోని వాడు; చిన్నగుండు = 0.22 అంగుళాల తూటా పేల్చునట్టి; పిస్తోలుకై = పిస్తోలు కొరకు; చిత్తము = మనసు; అలరి = ఉప్పొంగి; (ఉండగా) చట్టము = 1959 నాటి ఆయుధాల చట్టము; పత్రము = లైసెన్సు; ఏది అని = ఎక్కడ అని; పట్టి = నిలవేసి; అడుగన్ = అడుగగా; గాలి పిస్తోలు = గాలి ఒత్తిడితో పెల్లెట్ విసరు పిస్తోలును; చేబట్టి = చేత ధరించి; గట్టున్ ఎక్కెన్ = (వివాదాస్పదం, కింద చూడుడు).

తాత్పర్యం: శనివారం సరదాకు .22 పిస్తోలు కొందామనుకున్నవాడు లైసెన్సు దగ్గర ఆగిపోయి, ఎయిర్ పిస్తోలు కొనుక్కున్నాడు.

విశేషాలు

‘చిన్నగుండు’: తూటాల్లో రెండు శాఖలు. అడుగున నడిమధ్య ప్రైమరు గలవి సెంటర్‌ఫైర్. విడిగా ప్రైమరంటూ లేక, ఇత్తడి గుల్ల అడుగు అంచులోనే రాపిడి మందు దాగి ఉన్నవి రిమ్‌ఫైర్. గుల్లలో మందు ముద్ద వేసి గిరగిరా తిప్పితే అది పోయి బోలు అంచులో సర్దుకుంటుంది. సూది ఆ అంచును నొక్కగానే నిప్పు పుడుతుంది. అమెరికాలోని స్టీవెన్స్ కంపెనీ 1887లో తెచ్చిన .22 లాంగ్ రైఫిల్ తూటా ఈ శాఖలో రారాజు. పేరులో రైఫిల్ ఉన్నా పిస్తోలులోనూ ఇదే పేలుతుంది. సీసం బరువు 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు.

కవి పెద్దగుండును కాక దీన్నే కోరడంలో ఔచిత్యం ఉంది. మొదట్లోనే పెద్ద తూటా పేల్చినవాడికి చప్పుడంటే బెదురు పట్టుకుంటుంది. తర్వాతి తూటా పేలకముందే కన్ను మూసుకుంటుంది, మణికట్టు కిందికి దిగుతుంది, గుండు నేల పాలవుతుంది. చిన్నగుండుకు వెనక తోపు తక్కువ, చప్పుడు తక్కువ, ఖర్చు తక్కువ. అభ్యాసానికి ఇంతకంటే ఏం కావాలి? దోషమూ ఒకటుంది. అంచులో ఒక్కోచోట మందు చేరకపోతే మీట నొక్కినా టిక్కుమని ఊరుకుంటుంది. అప్పుడు గొట్టాన్ని గురి వైపే ఉంచి అర నిమిషం ఆగాలి. ఏమైందోనని తొంగిచూసేవాడు ఈ వ్యాఖ్యలో రెండో పద్యం దాకా రాకపోవచ్చు.

శంక: ఇంత చిన్నగుండుకు లైసెన్సు ఎందుకయ్యా? సమాధానం: పిస్తోలు గొట్టం దాటేటప్పుడు దాని శక్తి వంద జూళ్లకు పైనే. తప్పిపోతే కిలోమీటరు దాటి పోగలదు. నీలాద్రి రోడ్డు మీద కిలోమీటరులో ఎంతమంది పడతారో శుక్రవారం రాత్రి ఎనిమిదికి పోయి చూసిరండి.

‘డల్లాస్ పాఠం’: కవి పెదనాన్న కొడుకు డల్లాస్‌లో ఉన్నాడని, అతడి దగ్గర ఈ పద్యానికి మూడు, నాలుగు పాదాలు లేని ప్రతి ఉన్నదని ఒక వదంతి. అది నమ్మదగినదే. అక్కడ 21 ఏళ్లు నిండినవాడు దుకాణంలో ఫారం 4473 నింపి, తనిఖీ అయ్యాక రూగర్ పట్టుకుని బయటికి వస్తాడు. రూగర్ కంపెనీ పుట్టిందే 1949లో ఒక .22 పిస్తోలుతో. అంతకుముందే 1915 నుంచి కోల్ట్ వుడ్స్‌మన్ ఉంది. 1957లో స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 41, 1985లో బ్రౌనింగ్ బక్ మార్క్ వచ్చాయి. ఏది మంచిదని అక్కడ అన్నదమ్ములు బార్బెక్యూ చల్లారేదాకా వాదించుకుంటారు. కోనప్పన అగ్రహారంలో ఆ వాదానికి ప్రసక్తే లేదు. మామూలు పౌరుడు పరదేశీ పిస్తోలు దిగుమతి చేసుకోవడానికి వీల్లేదు. పోటీల్లో నిర్ణీత స్థాయి అందుకుని ‘రెనౌన్డ్ షాట్’ హోదా పొందిన షూటర్లకే ఆ దారి తెరుస్తారు. దేశవాళీలో ఇషాపూర్ ఫ్యాక్టరీ వారి ‘నిడర్’ ఉంది. అది .22 చేతిసంచి రివాల్వరు, ఆత్మరక్షణకు చేసినది. పొట్టి గొట్టంతో ఇరవై అయిదు మీటర్ల దూరాన గురి నేర్చుకుంటాననడం సాహసం.

‘చట్టము’: ఈ పద్యానికి ప్రాణం ఈ మాట. చట్టంలో మూడవ సెక్షను నిషేధవాక్యం: లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోరాదు. పదమూడవది విధివాక్యం: లైసెన్సు ఎవరికి, ఎలా ఇవ్వాలో చెబుతుంది. అందులో ఒక ముచ్చటైన చోటుంది. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యుడు గురి అభ్యాసానికి .22 రైఫిలు గాని ఎయిర్ రైఫిలు గాని కావాలంటే లైసెన్సు ఇవ్వాలి అని ఉంది. ఆ వాక్యంలో పిస్తోలు మాట లేదు. పూర్వమీమాంసకుడికి ఇక్కడ పండగే: చెప్పనిదాన్ని లాక్కురావచ్చునా, రాదా? రాదనే సిద్ధాంతం. పిస్తోలు కావలసినవాడు ‘తగిన కారణం’ చూపి అధికారిని ఒప్పించాలి. బెంగళూరులో ఆ అధికారి పోలీసు కమిషనరు. దరఖాస్తు ఫారం ఏ-1. అందులో కారణం రాసే చోట ‘స్ప్రింట్ అయిపోయాక బుర్ర తేలికపడటానికి’ అని రాస్తే ఫలం ఏమిటో చెప్పడానికి వ్యాఖ్యాత అక్కర్లేదు. 2019 సవరణ లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి అయిదేళ్లు చేసింది, ఒకరి దగ్గర ఉండదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. మొదటిదే లేనివాడికి ఈ రెండింటితోనూ పని లేదు.

అలాగని చిన్నగుండు మన దేశంలో అందరానిది కాదు. అందుకునే మెట్టు వేరు. రేంజిలో సభ్యత్వం, క్లబ్బు లైసెన్సు మీద ఉన్న పిస్తోలు, పక్కన కోచ్. అక్కణ్ణుంచి రాష్ట్ర పోటీలు, తర్వాత తొలి లోక్‌సభ స్పీకర్ మావలంకర్ పేరిట జరిగే పోటీలు, ఆపైన జాతీయ పోటీలు. ఆ మావలంకరే 1951లో ఏర్పడిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌కు తొలి అధ్యక్షుడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో విజయ్ కుమార్ రజతం గెలిచిన ర్యాపిడ్ ఫైర్ పోటీ ఈ చిన్నగుండుతోనే. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలులో జట్టు స్వర్ణం, సొంతంగా రజతం తెచ్చింది. అదీ చిన్నగుండే.

‘కోడు రాయుచు నలసిన’ అన్నది హీనోక్తి అని కొందరు వ్యాఖ్యాతలు నొచ్చుకున్నారు. బెంగళూరు వాడైన ప్రకాశ్ నంజప్ప సంగతి వారు మరచినట్టున్నారు. కెనడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇంటికి తిరిగొచ్చి మళ్లీ పిస్తోలు పట్టినవాడు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్తోలులో రజతం గెలిచాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో 50 మీటర్ల పిస్తోలు పేల్చాడు. అదీ .22 పోటీయే, రియో తర్వాత దాన్ని ఒలింపిక్స్ నుంచి తీసేశారు. అందుచేత కీబోర్డు వేళ్లకు పిస్తోలు అర్హత లేదనడం చెల్లదు.

‘గాలి పిస్తోలు’: గొట్టం వ్యాసం .177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకుండా, శక్తి 20 జూళ్లు దాటకుండా ఉన్న గాలి ఆయుధానికి లైసెన్సు అక్కర్లేదు. దుకాణదారు గుర్తింపు కార్డు అడిగితే చూపాలి. పోటీ ఎయిర్ పిస్తోలు శక్తి ఆరేడు జూళ్లే, అరగ్రాము పెల్లెట్. దీన్ని చిన్నచూపు చూసేవారికి లెక్క ఒకటి చెప్పాలి: 10 మీటర్ల లక్ష్యం మీద పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. ఒంటిచేత్తో, చేయి చాచి, దేనికీ ఆనించకుండా కొట్టాలి. పైగా పెల్లెట్ నెమ్మది గనుక మీట నొక్కాక కూడా అది గొట్టంలోనే కాసేపు ఉంటుంది. ఆలోపు చేయి కదిలిందా, ఆ తప్పు కాగితం మీద అచ్చవుతుంది. కాబట్టి కవి చిన్నగుండు నుంచి గాలికి ‘దిగాడు’ అనడం పొరపాటు. నా మట్టుకు ఇదే ఉత్తమ పక్షం, లైసెన్సు చేతికి వచ్చినా కూడా.

‘గట్టు’: పూర్వవ్యాఖ్యాతలు దీన్ని సిల్క్ బోర్డు నుంచి వచ్చే ఎలివేటెడ్ ఎక్స్‌ప్రెస్‌వే అన్నారు. 2010లో తెరిచిన పది కిలోమీటర్ల వంతెన గనుక కాలం సరిపోతుంది. నవ్యులు 2025 ఆగస్టు 10న మొదలైన యెల్లో లైన్ మెట్రో ప్లాట్‌ఫారం అంటారు. పిస్తోలు చేబట్టి మెట్రో ఎక్కడమంటే స్కానరు దగ్గర మరో టీకా రాయించుకోవడమే. ఆపద దాటాడన్న మామూలు అర్థమే కవి హృదయం.

మేడమీద కొట్టుకోవచ్చునా అన్నది మిగిలిన శంక. పీజీ గదిలో పది మీటర్లు దొరకవు. మేడమీద దొరుకుతాయి గాని ఆ పది మీటర్లలో మూడు దండేలు, ఒక నీళ్ల ట్యాంకు, ఫోన్లో కాబోయే భార్యతో మాట్లాడుకునే ఒక మనిషి ఉంటారు. గట్టి పెల్లెట్ ట్రాపు, వెనక గోడ, ఎవరూ అడ్డురాని హద్దు లేనిచోట కొట్టరాదు. కళ్లకు అద్దాలు ఉండాలి. పెల్లెట్లు సీసం, చేతులు కడిగాకే బిర్యానీ.

రెండవ పద్యం

ఆ. పిడిని పట్టి చూడు పేరును జూడకు
మీట మెత్తనైన మేలు గాదు
సీలు దొరకు చోటు చెప్పిన వాడిదే
సరుకు నమ్మదగును చాలనాళ్లు

ఇది స్పష్టంగానే ఉంది గనుక ప్రతిపదార్థం వదిలేస్తున్నాను. కవి మొదటి పద్యంలో దెబ్బ తిని, రెండవదానికి అనుభవజ్ఞుడయ్యాడు.

‘పేరును జూడకు’: స్టెయర్, మోరిని, పార్దీని, ఫైన్‌వెర్క్‌బావు, వాల్తర్. ఈ అయిదు పేర్లూ రేంజిలో సహస్రనామంలా వినిపిస్తాయి. అన్నీ మంచివే. మన చేతిలో మంచిదేదో పిడి చెబుతుంది. కళ్లు మూసుకుని చేయి చాచి, కళ్లు తెరిస్తే వెనక గాడిలో ముందు ముల్లు నడిమధ్యన నిలిచి ఉండాలి. ముల్లు పక్కకు పోతే పిడి మనది కాదు. దాన్ని సరిచేయడానికి మణికట్టు తిప్పడం మొదలుపెడితే అదే అలవాటై కూర్చుంటుంది. చెక్క పిడి అయితే ఆకురాయితో అరగదీసుకోవచ్చు, లోటున్నచోట పుట్టీ పెట్టుకోవచ్చు. షూటర్లందరూ సగం వడ్రంగులే.

‘మీట మెత్తనైన’: పోటీలో ఎయిర్ పిస్తోలు మీట కనీసం 500 గ్రాముల బరువును ఆపగలగాలి, 25 మీటర్ల చిన్నగుండు పిస్తోలు మీట 1000 గ్రాములను. దుకాణంలో ఊదితే పడిపోయే మీట చూసి మురిసినవాడు పోటీ రోజున తనిఖీ బల్ల దగ్గర తెల్లబోతాడు. ఎయిర్ పిస్తోలు మొత్తం బరువు 1500 గ్రాములు దాటకూడదు, 420 × 200 × 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. ఉట్టి మీట నొక్కుతూ గదిలో సాధన చేయడానికి మంచి ఎయిర్ పిస్తోళ్లలో వేరే ఏర్పాటు ఉంటుంది. చాలా చిన్నగుండు పిస్తోళ్లకు అది ఉండదు. అలాంటిదాన్ని ఖాళీగా నొక్కితే సూది పోయి తూటా కూర్చునే గది అంచును కొట్టవచ్చు, అక్కడ గాటు పడుతుంది.

‘సీలు’: గాలి బయటికి పోకుండా ఆపే రబ్బరు చుట్ట. రెండు రూపాయల వస్తువులా కనిపిస్తుంది, లేనినాడు లక్ష రూపాయల పిస్తోలు పేపర్‌వెయిటు. గాలి సిలిండరు రకమైతే 200 బార్ల దాకా నింపేవాడు కూడా దగ్గర్లో ఉండాలి. ఆ తలనొప్పి వద్దనుకుంటే ఒక్కసారి లీవరు లాగి తానే గాలి నింపుకునే రకం ఉంది. చేతికి కాస్త శ్రమ, కొత్తవాడికి అదే నయమని నా అభిప్రాయం.

‘చాలనాళ్లు’: సిలిండరు మీద తయారీ తేదీ చెక్కి ఉంటుంది, ఎక్కువ కంపెనీలు దానికి పదేళ్లే ఆయుష్షు ఇస్తాయి. ఇక్కడ ఉద్యోగాలకు అంత ఆయుష్షు ఉండదు. ఆన్‌సైట్ వచ్చిన సీనియరు పిస్తోలు అమ్మకానికి వచ్చినప్పుడు ధర అడిగే ముందు ఆ తేదీ చూడాలి. తర్వాత పిడి ఏ చేతిదో చూడాలి. కొనేవాడు ఎడమచేతివాటం వాడైతే ఈ పద్యం మొదటి పాదం దగ్గరే ఆగిపోయి, పిడి విడిగా తెప్పించుకునే దాకా మిగతా మూడు పాదాలూ చదవనక్కర్లేదు.